పసిమెదడులో డోపమైన్: రెండు మూలికలు చెప్పిన పాఠం

ఉదయం నిద్ర లేచినప్పుడు ఆ పిల్ల అందరు పిల్లలవలెనే నడుస్తుంది. మధ్యాహ్నానికి ఒక పాదం కొద్దిగా లోపలికి తిరుగుతుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కాళ్ళు బిగుసుకుపోయి, మడమలు నేలకు ఆనక, గోడ పట్టుకొని గాని గది దాటలేదు. రాత్రి నిద్రపోయి లేస్తే మరల మామూలే. ఇంట్లో కొందరు "పని చెబుతామని నటిస్తోంది" అంటారు. ఇరుగుపొరుగువారు "గాలి సోకింది, తాయెత్తు కట్టించండి" అంటారు. చివరకు వైద్యుని వద్దకు తీసుకొని వెళితే, "సెరిబ్రల్ పాల్సీ, చేయగలిగినది ఏమీ లేదు" అన్న మాట వినవలసి వచ్చిన కుటుంబాలు కూడా కలవు.

కాని చేయగలిగినది ఉన్నది. జపాను దేశపు శిశునాడీవైద్యుడు మసాయా సెగావా 1971లో ఈ వ్యాధిని వర్ణించాడు. లెవోడోపా అనే ఔషధాన్ని స్వల్ప మోతాదులో ఇచ్చినచో ఈ పిల్లలు ఆశ్చర్యకరంగా కోలుకుంటారు. ఏళ్ళ తరబడి చక్రాల కుర్చీకి పరిమితమైనవారు లేచి నడిచిన సందర్భాలు వైద్యగ్రంథాలలో నమోదై ఉన్నాయి.

ఆ లెవోడోపా మన పాఠకులకు కొత్తది కాదు. అది మన పొలం గట్లమీద, కంచెల మీద పాకే దూలగొండి గింజలలో సహజంగా ఉన్నది. ఈ మాట చదవగానే అనేకమంది తల్లులకు ఒక ఆలోచన కలుగుతుంది. మాటలు రాని పిల్లవానికి, కుదురు లేని పిల్లవానికి, చదువులో వెనుకబడిన పిల్లకు దూలగొండి చూర్ణం పాలలో కలిపి ఇస్తే సరిపోదా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానం తెలియాలంటే డోపమైన్ అనే పదార్థం పసిమెదడులో చేసే పని ఏమిటో మొదట తెలుసుకోవాలి.

కుందేళ్ళను లేపిన డోపా

ముందుగా రెండు మూలికల కథ. మొదటిది సర్పగంధి. ఉన్మాదానికి, నిద్రలేమికి మన వైద్యులు తరతరాలుగా వాడిన వేరు ఇది. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీని గుణాలను ఆధునిక పద్ధతిలో ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుపై దీని ప్రభావాన్ని బ్రిటిష్ వైద్యపత్రికలో వివరించగా, ప్రపంచమంతా ఈ మొక్కవైపు చూసింది. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు దీనినుండి రెసర్పిన్ అనే సారాన్ని వేరుచేశారు.

రెండవది దూలగొండి. దీనిని సంస్కృతంలో కపికచ్ఛువు అనీ, ఆత్మగుప్త అనీ అంటారు. దీని గింజలలో లెవోడోపా ఉన్నదని మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు 1937లోనే చూపారు.

ఈ రెండు మూలికల సారాలూ 1957లో స్వీడన్ దేశంలో ఒకే ప్రయోగశాలలో కలుసుకున్నాయి. అర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్ళకు రెసర్పిన్ ఇవ్వగా, అవి చెవులు వాల్చి, కదలక మెదలక పడిపోయాయి. వాటికి డోపా ఎక్కించగా కొద్ది నిమిషాలలోనే లేచి తిరగసాగాయి. రెసర్పిన్ మెదడులోని డోపమైన్ నిల్వలను ఖాళీ చేస్తుందనీ, డోపా ఆ నిల్వలను తిరిగి నింపుతుందనీ అతని పరిశోధనలు తేల్చాయి. అంతవరకు డోపమైన్‌ను మరొక పదార్థం తయారయ్యే దారిలో ఒక మజిలీగా మాత్రమే భావించేవారు. అది తనంతట తానే మెదడులో వార్తలు చేరవేసే ముఖ్యమైన దూత అని అప్పటినుండి లోకానికి తెలిసింది. ఇందుకుగాను కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి లభించింది.

తయారయ్యే తీరు

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. వాటిలో మధ్యమెదడునుండి డోపమైన్ పంచే కణాలు కొన్ని లక్షలు మాత్రమే. ఊరిలో ఒకే చెరువు ఉన్నా దాని కాలువలు ఎన్నో పొలాలకు పారినట్లు, ఈ కొద్ది కణాల తంతువులు మెదడంతటా వ్యాపిస్తాయి. కదలికలను అదుపు చేసే కేంద్రాలకు, ఉత్సాహాన్ని కలిగించే కేంద్రాలకు, నుదుటి వెనుకనున్న ఆలోచనా కేంద్రానికి వీటి ద్వారా డోపమైన్ అందుతుంది.

మనం తినే పప్పు, పాలు, గుడ్లు, నువ్వులు మొదలైన వాటిలోని మాంసకృత్తులనుండి ఫినైల్ అలనిన్, టైరోసిన్ అనే ఎమినో ఆమ్లాలు లభిస్తాయి. ఫినైల్ అలనిన్ కొంత టైరోసిన్‌గా మారుతుంది. టైరోసిన్ డోపాగా మారుతుంది. ఈ మార్పు చేసే ఎంజైముకు ఇనుము తప్పనిసరి. దానికి తోడు బయాప్టెరిన్ జాతికి చెందిన ఒక సహాయక పదార్థం కూడా కావాలి. తరువాత మరొక ఎంజైము డోపాను డోపమైన్‌గా మారుస్తుంది. దీనికి బి6 విటమిన్ అవసరం.

ఇక్కడ ఒక ముఖ్యవిషయం గమనించాలి. రక్తంలోని డోపమైన్ మెదడులోకి ప్రవేశించలేదు. మెదడు రక్తనాళాలకున్న రక్షణ కవచం దానిని ఆపివేస్తుంది. డోపా మాత్రం ప్రవేశించగలదు. అరటిపండులోనూ డోపమైన్ ఉన్నది. అరటిపండు తింటే మెదడులో డోపమైన్ పెరుగుతుందని కొందరు చెప్పే మాట సరికాదు. అరటిపండు మంచి ఆహారమే, కాని కారణం వేరు.

గర్భస్థ శిశువు మొదలు యౌవనం వరకు

తల్లి గర్భం దాల్చిన 6 నుండి 8 వారాలలోనే శిశువు మెదడులో డోపమైన్ కణాలు రూపుదిద్దుకొనడం మొదలవుతుంది. అప్పటికి కొందరు తల్లులకు తాము గర్భవతులమన్న సంగతి కూడా రూఢిగా తెలియదు. ఆ దశలో డోపమైన్ చేసే పని వార్తలు మోయడం మాత్రమే కాదు. కొత్త నాడీకణాలు ఎన్ని పుట్టాలి, అవి ఎటు వలస పోవాలి, వాటి కొమ్మలు ఎంత పెరగాలి అన్న విషయాలలో దానికి పాత్ర ఉన్నదని జంతువులపై జరిపిన పరిశోధనలు తెలుపుతున్నాయి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీగా ఉండి, కట్టిన తరువాత ఆ ఇంట్లోనే కబురు మోసే మనిషిగా కుదిరినట్లన్న మాట.

బిడ్డ పుట్టిన తరువాత ఈ పని ఆగదు. శిశువు చేయి చాచి గిలక్కాయ అందుకొన్నప్పుడు, అనుకోకుండా తల్లి నవ్వు కనబడినప్పుడు డోపమైన్ కణాలు చురుకుగా స్పందిస్తాయి. ఊహించినదానికన్నా మంచి ఫలితం లభించినప్పుడు ఈ కణాలు ఎక్కువగా స్పందిస్తాయనీ, నేర్చుకొనడానికి అదే మూలమనీ వుల్ఫ్రాం షుల్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతులపై చేసిన ప్రయోగాలలో చూపాడు. నుదుటి వెనుకనున్న మెదడు భాగం పరిపక్వం కావడానికి ఇరవై ఏళ్ళు దాటుతాయి. అక్కడికి చేరే డోపమైన్ తంతువులు యౌవనారంభంలో సైతం పెరుగుతూనే ఉంటాయని జంతువులలో కనుగొన్నారు.

నీరు ఎక్కడ ఆగింది?

పొలం ఎండిపోతే రైతు మొదట చూసేది నీరు ఎక్కడ ఆగినదని. చెరువే ఎండినదా? తూము పూడినదా? కాలువ గట్టు తెగినదా? లేక నీరు చక్కగానే వస్తున్నా పైరుకు మరొక తెగులు పట్టినదా? కారణాన్ని బట్టి చేయవలసిన పని మారుతుంది. డోపమైన్ విషయంలోనూ ఇంతే. బయటికి ఒకే విధంగా కనిపించే లోపాలకు కారణాలు వేరువేరుగా ఉంటాయి, చికిత్సలూ వేరు.

సెగావా వ్యాధిలో లోపం బయాప్టెరిన్ తయారీలో ఉన్నది. దానికి కారణమైన జన్యువును 1994లో కనుగొన్నారు. ఈ పిల్లలలో డోపమైన్ ఇసుకలోని చెలమవలె రాత్రి నిద్రలో ఊరుతుంది, పగలు వాడుకొన్న కొద్దీ అడుగంటుతుంది. అందుచేతనే ఉదయం నడక, సాయంత్రం బిగువు. డోపాను సిద్ధంగా అందిస్తే ఆ లోటు తీరుతుంది. పాదంలో మొదలయ్యే ఈ జబ్బు మగపిల్లలలో కంటే ఆడపిల్లలలో ఎక్కువగా కనిపిస్తుంది.

మరొక జబ్బులో డోపాను డోపమైన్‌గా మార్చే ఎంజైమే ఉండదు. ఇది చాలా అరుదైన వ్యాధి; లండన్‌లో 1990లో మొదటిసారిగా వర్ణించారు. శిశువుకు మెడ నిలవదు, కనుగుడ్లు పైకి తిరిగి గంటల తరబడి అలాగే ఉండిపోతాయి. చాలాసార్లు మూర్ఛ అని పొరబడతారు. వీరికి డోపా ఇచ్చినా సాధారణంగా ప్రయోజనం ఉండదు. దానిని మార్చే ఎంజైము లేదు కదా! ఆ జన్యువును నేరుగా మెదడులోకి చేర్చే చికిత్సకు 2022లో ఐరోపాలోను, 2024లో అమెరికాలోను అనుమతి లభించింది.

చూడండి, రెండు జబ్బులలోనూ లోపించినది డోపమైనే. ఒకదానికి డోపా సంజీవని. రెండవదానికి దానివలన పెద్దగా ఫలితం లేదు.

ఒక తల్లి పట్టుదల

మూడవ ఉదాహరణ నార్వే దేశానిది. అక్కడ ఒక తల్లికి ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ బుద్ధి వికసించలేదు. వారి ఒంటినుండి, మూత్రంనుండి ఒక విధమైన వాసన వచ్చేది. దీనికేదో కారణం ఉండాలని ఆ తల్లి వైద్యులచుట్టూ తిరిగింది. చివరకు 1934లో అస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు ఆమె మొర ఆలకించి, పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి చూడగా అది ఆకుపచ్చగా మారింది. ఆ రంగు వెంట పోగా ఫినైల్‌కీటోన్యూరియా అనే వ్యాధి బయటపడింది.

ఈ పిల్లలలో ఫినైల్ అలనిన్‌ను టైరోసిన్‌గా మార్చే ఎంజైము పనిచేయదు. రక్తంలో ఫినైల్ అలనిన్ పేరుకొనిపోయి, ఉన్న కొద్దిపాటి టైరోసిన్‌ను కూడా మెదడులోకి పోనివ్వదు. మెదడుకు హాని కలుగుతుంది, డోపమైన్ తయారీ కుంటుపడుతుంది. 1950 దశకం ఆరంభంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో హార్స్ట్ బికెల్, అతని సహచరులు ఫినైల్ అలనిన్ తగ్గించిన ప్రత్యేక ఆహారంతో ఒక పాపకు చికిత్స చేసి గుణం చూపారు. 1960 దశకంలో రాబర్ట్ గుత్రీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు శిశువు మడమనుండి తీసిన రక్తపు చుక్కతో ఈ వ్యాధిని గుర్తించే పరీక్షను ప్రచారంలోకి తెచ్చాడు. పుట్టిన కొద్ది రోజులలో గుర్తించి, ఆహార నియమం పాటిస్తే ఆ బిడ్డ అందరివలెనే పెరుగుతుంది. ఆలస్యమైతే కలిగిన నష్టం చాలావరకు తిరిగిరాదు. తల్లిపాలతో సహా ఏ ఆహారం ఎంత ఇవ్వాలన్నది నిపుణులు లెక్క కట్టి చెప్పవలసిన వ్యాధి ఇది. ఇక్కడ మందు మూలికలో లేదు, పథ్యంలో ఉన్నది. పథ్యమే సగం వైద్యమని నమ్మే మనకు ఈ సంగతి వింతగా తోచకూడదు.

ఈ సందర్భంలో మేనరికాల ప్రస్తావన తప్పదు. ఈ విధమైన అనేక వ్యాధులలో తల్లికి ఒక లోపభూయిష్టమైన జన్యువు, తండ్రికి ఒకటి ఉంటాయి. ఇద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఆ రెండూ బిడ్డకు చేరే అవకాశం ప్రతి కానుపులోనూ నాలుగింట ఒకవంతు. రక్తసంబంధీకులు పెళ్ళాడినప్పుడు ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం అధికం. మన తెలుగు కుటుంబాలలో మేనమామ, మేనబావ సంబంధాలు నేటికీ ఉన్నాయి. అట్టి దంపతులను నిందించడం వలన ప్రయోజనం లేదు. వారు గర్భధారణకు ముందే జన్యు సలహా పొందాలి. పుట్టిన బిడ్డకు మడమ రక్తపరీక్ష అడిగి చేయించుకోవాలి. ఈ పరీక్ష మన దేశంలో అన్ని ఆసుపత్రులలోను తప్పనిసరి కాదు, అందుకే అడగాలి.

కుదురులేని పిల్లలు

తరగతిలో నిమిషం కూర్చోలేరు, మాట పూర్తికాకముందే సమాధానం చెబుతారు, పుస్తకం ఎక్కడ పెట్టారో మరచిపోతారు. వీరిని "అల్లరి పిడుగు" అనో, "మొండిఘటం" అనో ముద్రవేస్తాము. అల్లరి అంతా జబ్బు కాదు. కాని ఇంటా బయటా, అన్ని చోట్లా, నెలల తరబడి ఇదే స్థితి ఉండి, చదువును, స్నేహాలను దెబ్బతీస్తున్నప్పుడు దానిని ఏడీహెచ్‌డీ అంటారు.

1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు ఉత్తేజకర ఔషధం ఇచ్చినప్పుడు ఇట్టి పిల్లలు కుదుటపడడం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ జాతి మందులు, అటు తరువాత వచ్చిన మెథైల్‌ఫెనిడేట్, నాడీసంధులలో డోపమైన్ ఎక్కువసేపు నిలిచేటట్లు చేస్తాయని తెలిసింది. అయితే "ఈ పిల్లలకు డోపమైన్ తక్కువ" అని ఒక్కమాటలో తేల్చడం తొందరపాటే. అనేక జన్యువులు, గర్భకాలపు పరిస్థితులు కలిసి ఈ స్థితిని కలిగిస్తాయి. లెవోడోపా వీరికి చెప్పుకోదగిన మేలు చేయలేదు. కాలువలో నీరు ఉన్నా మడిలో నిలవకపోతే, ఇంకా నీరు వదిలి లాభమేమి? గట్టు సరిచేయాలి.

తల్లిదండ్రులకు ఊరట కలిగించే సంగతి ఒకటి ఉన్నది. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన ఫిలిప్ షా బృందం పిల్లల మెదడు చిత్రాలను పరిశీలించింది. మెదడు పైపొర గరిష్ఠ మందానికి చేరే వయస్సు సాధారణ బాలలలో ఏడున్నర ఏళ్ళు కాగా, ఈ పిల్లలలో పదిన్నర ఏళ్ళని తేలింది. అనగా ఎదుగుదల క్రమం అదే, కాలం మాత్రం ఆలస్యం. వీరికి కావలసినది బెత్తం కాదు. ఓర్పు, క్రమశిక్షణతో కూడిన దినచర్య, ప్రవర్తనా శిక్షణ, అవసరమైతే నిపుణుని పర్యవేక్షణలో ఔషధం.

ఆటిజం సంగతి ఇంకా జటిలం. డోపమైన్ మార్గాలలో తేడాలు ఉండవచ్చునని పరిశోధనలు జరుగుతున్నాయి గాని, దానికి ఒకే రసాయనం కారణమని ఎవరూ రుజువు చేయలేదు. విపరీతమైన చిరాకు, తమను తాము గాయపరచుకొనడం వంటివి ఉన్నప్పుడు వాడే రిస్పెరిడోన్ వంటి మందులు డోపమైన్ పనిని తగ్గించేవి! అటువంటి బిడ్డకు డోపమైన్ పెంచుతామని మూలిక పోస్తే ఏమగునో పాఠకులే ఊహించగలరు.

ఇనుము: వంటింటిలోని సమస్య

పైన చెప్పిన జబ్బులలో కొన్ని చాలా అరుదు. కాని డోపమైన్ తయారీని దెబ్బతీసే ఒక లోపం మన ఇళ్ళలో అత్యంత సాధారణం. అది ఇనుము లోపం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నెలలనుండి 5 ఏళ్ళలోపు పిల్లలలో నూటికి 67 మందికి, గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నది. రక్తహీనతకు వేరు కారణాలు కూడా ఉన్నా, ఇనుము లోపం వాటిలో ప్రధానమైనది.

ఇనుము తగ్గితే బిడ్డ పాలిపోవడమే కాదు, డోపమైన్ మార్గాలు, నాడీతంతువుల పైపూత కూడా దెబ్బతింటాయి. కోస్టారికా దేశంలో బెట్సీ లోజాఫ్ అనే వైద్యురాలు, శైశవంలో తీవ్రమైన ఇనుము లోపానికి గురైన పిల్లలను యౌవనం వరకు పరిశీలించింది. లోపాన్ని సరిదిద్దిన ఏళ్ళ తరువాత కూడా బుద్ధిపరీక్షలలో, ప్రవర్తనలో వారు తోటివారికన్నా వెనుకబడి ఉన్నారు. రక్తం తిరిగి పట్టవచ్చును. మెదడు కట్టుబడి జరిగే కాలం మాత్రం మరల రాదు. కనుక లోపం వచ్చిన తరువాత కంటే రాకముందు పడే శ్రద్ధ ముఖ్యం.

ఇంట్లో చేయదగినవి

గర్భిణి: ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం ఇచ్చే 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రను రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వాడాలి. కాఫీ, టీలతో కలిపి వేసుకొనరాదు. వాటికీ మాత్రకూ కనీసం గంట ఎడం ఉండాలి. మాత్రల డబ్బా చిన్నపిల్లలకు అందనిచోట ఉంచాలి. పిల్లలు గుప్పెడు మింగితే ప్రాణాపాయం.

కాన్పు: బిడ్డ పుట్టిన తరువాత బొడ్డుతాడును 1 నుండి 3 నిమిషాలు ఆగి ముడివేస్తే బిడ్డకు అదనంగా రక్తం, ఇనుము చేరతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఈ విషయం ముందుగానే వైద్యురాలితో మాట్లాడుకొనడం మంచిది.

శిశువు: ఆరు నెలలవరకు తల్లిపాలు మాత్రమే. ఆరు నెలలు నిండగానే పలుచని పప్పు, మెత్తగా ఉడికించిన ఆకుకూర, రాగి జావ, తినే ఇళ్ళలో గుడ్డు, మాంసం మొదలుపెట్టాలి. "పాలు తాగుతున్నాడు కదా, అన్నం తినకపోయినా ఫరవాలేదు" అన్న మాట ప్రమాదకరం. ఆవుపాలలో, గేదెపాలలో ఇనుము చాలా తక్కువ. ఏడాదిలోపు పిల్లలకు వాటినే ప్రధానాహారంగా పోయరాదు. 6 నెలలనుండి 5 ఏళ్ళవరకు వారానికి రెండుసార్లు ఇచ్చే ఇనుము సిరప్‌ను అంగన్‌వాడీలోనో, ఆరోగ్య కార్యకర్త వద్దనో అడిగి తీసుకోవాలి.

ములగాకు పప్పు: పిడికెడు కందిపప్పుకు రెండు పిడికిళ్ళ లేత ములగాకు చేర్చి మెత్తగా ఉడికించి, ఇనుప మూకుడులో పోపు వేసి కలపాలి. దించిన తరువాత నిమ్మరసం పిండాలి. పులుపులోని సి విటమిన్ శాకాహారంలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఉసిరి పచ్చడి, జామపండు కూడా ఇందుకు పనికివస్తాయి. ఇనుప మూకుడులో పులుపు పదార్థాలు వండినచో కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. మన అమ్మమ్మల వంటపాత్రలకు ఇదొక ప్రయోజనం.

ఆట, మాట, నిద్ర: నువ్వులనూనెతో మృదువుగా ఒళ్ళు రాసి, కబుర్లు చెబుతూ స్నానం చేయించడం, చేతికి వస్తువులిచ్చి ఆడించడం మెదడుకు మేలైన ఆహారం. సెల్‌ఫోను చేతికిచ్చి అన్నం పెట్టడం అలవాటు చేయరాదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, 2 నుండి 4 ఏళ్ళవారికి రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

దూలగొండి పిల్లలకు ఇవ్వవచ్చునా?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. దూలగొండి గింజలలో నూటికి సుమారు 4 నుండి 6 పాళ్ళ లెవోడోపా ఉంటుంది; విత్తనాన్ని బట్టి, నేలను బట్టి ఇది మారుతుంది. పెద్దలకు వచ్చే పార్కిన్సన్ వ్యాధిలో శుద్ధిచేసిన దూలగొండి చూర్ణం పనిచేయగలదని 2004లో లండన్‌లోను, 2017లో బొలీవియాలోను జరిపిన చిన్న పరీక్షలలో కనిపించింది. మన శాస్త్రాల పరిశీలనకు ఇది గౌరవం తెచ్చే విషయమే. అయితే అది శక్తిగల ఔషధం కనుకనే పసివారి విషయంలో జాగ్రత్త కావాలి. మోతాదు మించితే వాంతులు, ఆపలేని వంకర కదలికలు, మతిభ్రమ కలుగుతాయి. 1989లో మొజాంబిక్ దేశంలో కరువు కాలాన ఈ గింజలను ఉడికించిన నీరు పారబోయకుండా తిన్నవారు అనేకులు ఉన్మాద లక్షణాలకు లోనయ్యారు. శోధన చేయనిదే వాడరాదన్న మన వైద్యుల నియమం ఎందుకు పుట్టినదో దీనివలన తెలుస్తుంది.

కాబట్టి మాటలు రాలేదని, కుదురు లేదని, నడక ఆలస్యమని పిల్లలకు దూలగొండి ఇంట్లో ఇవ్వవద్దు. సెగావా వ్యాధి ఉన్న బిడ్డకు సైతం తూకం తెలిసిన శుద్ధమైన లెవోడోపాను నాడీవైద్యుడే ఇవ్వాలి. అదేవిధంగా గర్భిణులు, బాలింతలు సర్పగంధి వాడరాదు. తల్లి రెసర్పిన్ వాడినప్పుడు పుట్టిన శిశువులలో ముక్కుదిబ్బడ, మందకొడితనం కనిపించాయి.

అల్లోపతి మందులలోనూ ఈ జాగ్రత్త అవసరమే. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ డోపమైన్ పనిని అడ్డుకుంటుంది. దానివలన కొందరు పిల్లలకు హఠాత్తుగా మెడ పక్కకు తిరిగిపోయి, కళ్ళు పైకి నిలిచిపోతాయి. అది మూర్ఛ కాదు, దయ్యమూ కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళి, ఏ మందు ఇచ్చారో చెబితే ఒక ఇంజక్షనుతో సర్దుకుంటుంది. పెద్దలకు రాసిన వాంతుల మందు మిగిలినదని పిల్లలకు పోయకండి.

చరకుడు చెప్పిన మేధ్య రసాయనాలు నాలుగు: మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. అర్హుడైన వైద్యుని సలహాపై, వయస్సుకు తగిన మోతాదులో వీటిని వాడవచ్చును. కాని పరీక్షలకు, శిక్షణకు ఇవి ప్రత్యామ్నాయం కావు. పదార్థం తెలియని భస్మాలు, ఊరూరా అమ్మే పొడులు పిల్లలకు బొత్తిగా కూడవు. వాటిలో సీసం ఉన్నచో అదే పసిమెదడుకు శత్రువు.

ఎప్పుడు వైద్యునికి చూపాలి?

నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, 18 నెలలకు నడక రాకపోయినా. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, 16 నెలలకు ఒక్క మాటయినా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలకకపోయినా ఆలస్యం చేయరాదు. వచ్చిన మాటలు పోవడం, ఉదయం సాయంత్రం నడకలో తేడా, కనుగుడ్లు పైకి తిరగడం, మూత్రానికి బూజు వాసన, ఇంట్లో ఎవరికీ లేనంత లేతరంగు జుట్టు గమనిస్తే ఏ వయస్సులోనయినా వెంటనే చూపించాలి. సాయంత్రపు నడకను ఫోనులో చిత్రీకరించి వైద్యునికి చూపండి. ఉదయం పూట పరీక్షలో ఏమీ తెలియకపోవచ్చును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో ఇట్టి పిల్లలకు పరీక్షలు, శిక్షణ లభిస్తాయి.

ఏడాది వచ్చినా నడవలేని బిడ్డ స్థితిని కాశ్యప సంహిత ఫక్క రోగమని పేర్కొన్నది. అది పాలదోషం వలన, గర్భం వలన, ఇతర వ్యాధుల వలన కలుగుతుందని మూడు విధాలుగా విభజించి, నడక నేర్పడానికి మూడు చక్రాల బండిని చేయించమన్నది. ఆ ప్రాచీనుడు చేసిన పని గమనించండి. బిడ్డను నిందించలేదు. మొదట కారణాన్ని వెదికాడు, కారణాన్ని బట్టి చికిత్స చెప్పాడు, బిడ్డ చేతికి ఆసరా ఇచ్చాడు. నార్వే తల్లి కోరినదీ, జపాను వైద్యుడు చేసినదీ అదే. మన ఇంట్లో ఒక బిడ్డ వెనుకబడినట్లు తోచినప్పుడు "వాడే నేర్చుకుంటాడులే" అని కాలం వెళ్ళబుచ్చకుండా, ఎవరో చెప్పిన పొడి పోయకుండా, నీరు ఎక్కడ ఆగినదో వెదికించడమే మనం చేయవలసిన మొదటి వైద్యం.